ఓడే జట్టుకు మంచి శిక్షకుడు వస్తాడా?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఆ రెండింటిలోని సాధకబాధకాలు చేసినవారికే తెలుస్తాయని దాని తాత్పర్యం. కొత్త ఇల్లు కట్టడమే ఇంత కష్టమైతే, బీటలు వారిన పాత ఇంటిని, అందులో కాపురముంటూనే, ఒక్కొక్క గోడ తీసి తిరిగి కట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. క్రీడారంగంలో పునర్నిర్మాణదశలో ఉన్న జట్టు పరిస్థితి సరిగా ఇటువంటిదే. ఇల్లు సగం కూలి ఉన్నా, చుట్టాలు రావడం మానరు. జట్టు సగం కూలి ఉన్నా, ఆటలు ఆగవు.

ఈ సంవత్సరం ఒక సాయంకాలం మన కళాశాల బాస్కెట్‌బాల్ మైదానం ప్రక్కన నిలబడి ఆట చూస్తుండగా, అమెరికా దేశపు ఎన్.బి.ఏ. పోటీలను శ్రద్ధగా గమనించే విద్యార్థి ఒకడు నన్ను ఇలా ప్రశ్నించాడు: “సార్, వరుసగా ఓడిపోయే జట్టుకు శిక్షకుడుగా వెళ్ళడానికి పేరున్నవాడెవడైనా ఎందుకు ఒప్పుకుంటాడు? గెలిచే జట్టుకే వెళ్ళవచ్చు కదా!” నేను తెలుగు ఉపన్యాసకుణ్ణి, బంతి పట్టి ఆడినవాణ్ణి కాను. అయినా ఈ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. ఇది ఒక్క క్రీడకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదనిపించింది. క్షీణించిన సంస్థకు సమర్థుడైన నాయకుడు ఎప్పుడు వస్తాడు, వచ్చినవాడు ఎప్పుడు నిలుస్తాడు అన్న పెద్ద ప్రశ్నకు ఇది చిన్న రూపం. అందుచేత నాకు తెలిసినంతలో దీనిని వివరించడానికి ప్రయత్నిస్తాను.

బాస్కెట్‌బాల్ క్రీడను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు కనిపెట్టాడు. తరువాత ఆయన కాన్సస్ విశ్వవిద్యాలయపు జట్టుకు శిక్షణ ఇచ్చాడు. అక్కడ ఆయన గెలిచిన ఆటలు 55, ఓడినవి 60. ఆటను సృష్టించిన మహనీయునికే గెలుపుల కంటె ఓటములు ఎక్కువైనప్పుడు, కేవలం అంకెలను బట్టి శిక్షకుని శక్తిని తూచడం ఎంత ప్రమాదమో గ్రహించవచ్చు.

పునర్నిర్మాణమనగా నేమి?

ఎన్.బి.ఏ. అనే సంఘంలో 30 జట్లు ఉన్నాయి. ఒక్కొక్క జట్టు సాధారణంగా సంవత్సరానికి 82 ఆటలు ఆడుతుంది. ఇంగ్లండులోని ఫుట్‌బాల్ పోటీలలో అట్టడుగున నిలిచిన జట్లు క్రింది తరగతికి దిగజారిపోతాయి. ఎన్.బి.ఏ.లో ఆ భయం లేదు. పైగా ఓడిన జట్టుకు ఒక ఊరట కూడా ఉన్నది. ప్రతి సంవత్సరం కొత్తగా రంగప్రవేశం చేసే యువక్రీడాకారులను జట్లు వరుసక్రమంలో ఎంచుకుంటాయి. దీనిని డ్రాఫ్ట్ అంటారు. బలహీనమైన జట్లకు ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ. అయితే కావాలని ఓడిపోయేవారిని అదుపులో పెట్టడానికి 1985 నుండి లాటరీ పద్ధతిని ప్రవేశపెట్టారు. 2019లో మార్చిన నియమాల ప్రకారం అట్టడుగున ఉన్న మూడు జట్లకు మొదటి స్థానం దక్కే అవకాశం తలా నూటికి 14 వంతులు మాత్రమే.

జట్టులోని పేరుపొందిన ఆటగాళ్ళకు వయస్సు మీరినప్పుడు, ఇక విజేతలు కాలేమని తేలినప్పుడు, యాజమాన్యం వారిని ఇతర జట్లకు ఇచ్చి, బదులుగా యువకులను, రాబోయే సంవత్సరాల డ్రాఫ్ట్ హక్కులను సంపాదిస్తుంది. ఈనాటి గెలుపును అమ్మి రేపటి ఆశను కొనుక్కోవడమన్నమాట! ఇదే పునర్నిర్మాణం. ఈ మధ్యకాలంలో ఓటములు తప్పవు. ఆ ఓటములకు కారణం యాజమాన్యపు నిర్ణయమే. కాని అవి చరిత్రలో శిక్షకుని పేరు క్రింద నమోదవుతాయి. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

అభ్యర్థిని ఆకర్షించేవి

మరి ఇటువంటి పదవిని కోరి వచ్చేవారెవరు? మొదటి కారణం పదవుల కొరత. ప్రపంచమంతటా ఎన్.బి.ఏ. ముఖ్యశిక్షకుల స్థానాలు 30 మాత్రమే. గెలిచే జట్టులో ఖాళీ ఏర్పడడం అరుదు. ఏర్పడినా అనుభవజ్ఞులు ముందు వరుసలో ఉంటారు. సహాయశిక్షకుడుగా ఏళ్ళ తరబడి పనిచేసినవానికి బీటలు వారిన ఇల్లే మొదటి ఇల్లు కావడం సహజం.

రెండవది మలచుకొనే అవకాశం. “మొక్కై వంగనిది మానై వంగునా?” అన్నట్లు, పందొమ్మిదేళ్ళ యువకునికి అలవాట్లు నేర్పవచ్చు గాని, పదేళ్ళుగా పేరు ప్రఖ్యాతులు అనుభవించినవానికి నేర్పడం కష్టం. బోధనయందు ప్రీతిగల శిక్షకునికి యువజట్టు ఒక మంచి తరగతి వంటిది. మూడవది ప్రేక్షకుల అంచనా. అగ్రస్థానంలోని జట్టు యాభై ఆటలు గెలిచినా అసంతృప్తి మిగులుతుంది. అడుగున ఉన్న జట్టు ముప్ఫై గెలిస్తే అది అభివృద్ధి అనిపించుకుంటుంది.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, వ్యవధి. ఎన్ని సంవత్సరాలకు ఒప్పందం కుదిరింది, ఆ సంవత్సరాలన్నీ నిజంగా ఉంచుతారా అన్నదే వివేకవంతుడైన అభ్యర్థి మొదట విచారించే విషయం. ఈ విషయాన్ని కొన్ని నిదర్శనాలతో చూద్దాం.

ఒకే వేసవి, రెండు జట్లు

2013 వేసవిలో బోస్టన్ సెల్టిక్స్, ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ అనే రెండు ప్రాచీనమైన జట్లు ఒకేసారి పునర్నిర్మాణానికి పూనుకున్నాయి. బోస్టన్‌లో 2008లో విజేత అయిన శిక్షకుడు డాక్ రివర్స్, తన ఒప్పందంలో ఇంకా మూడేళ్ళు మిగిలి ఉండగానే, మరల మొదటి నుండి కట్టుకురావడానికి ఇష్టపడక లాస్ ఏంజెలిస్ క్లిపర్స్‌కు వెళ్ళిపోయాడు. ఆయనను తప్పు పట్టవలసిన పని లేదు. 2006–07లో అదే బోస్టన్‌లో 58 ఓటములు చూసినవాడాయన. ఆ రుచి ఆయనకు తెలుసు.

ఆ స్థానానికి బోస్టన్ యాజమాన్యం బట్లర్ అనే చిన్న విశ్వవిద్యాలయపు శిక్షకుడైన బ్రాడ్ స్టీవెన్స్‌ను ఎన్నుకున్నది. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరాలు. ఆయనకు ఇచ్చిన ఒప్పందం ఆరేళ్ళు. మొదటి సంవత్సరం 25 గెలుపులు, 57 ఓటములు. తరువాత వరుసగా 40, 48, 53 గెలుపులు. ఈలోగా పాల్ పియర్స్, కెవిన్ గార్నెట్ మొదలైన పాత వీరులను బ్రూక్లిన్‌కు ఇచ్చి సంపాదించిన డ్రాఫ్ట్ హక్కులు ఫలించి, 2016లో జేలెన్ బ్రౌన్, 2017లో జేసన్ టేటమ్ వచ్చారు. స్టీవెన్స్ 2021లో శిక్షకత్వం వదలి అదే సంస్థలో నిర్వహణబాధ్యత చేపట్టాడు. 2024లో బోస్టన్ విజేత అయినప్పుడు శిక్షకుడు జో మజుల్లా. స్టీవెన్స్ సంస్థ అధినాయకుడు. నాటినవానికి నీడ దక్కింది.

ఫిలడెల్ఫియా కథ వేరు. అక్కడ జనరల్ మేనేజర్ శామ్ హింకీ పాత జట్టును పునాదుల దాకా త్రవ్వివేశాడు. శాన్ ఆంటోనియోలో ప్రసిద్ధ శిక్షకుడు గ్రెగ్ పోపోవిచ్ వద్ద సహాయకుడుగా పనిచేసిన బ్రెట్ బ్రౌన్, నాలుగేళ్ళ ఒప్పందంపై ముఖ్యశిక్షకుడయ్యాడు. మొదటి సంవత్సరం 19 గెలుపులు, అందులోనే వరుసగా 26 ఓటములు. రెండవ యేడు 18. మూడవ యేడు 10. మూడేళ్ళలో 246 ఆటలకు 199 ఓటములు! 2014లో ఎంచుకున్న జోయెల్ ఎంబీడ్ కాలి గాయం వలన రెండేళ్ళు ఆడనేలేదు. 2016లో మొదటి స్థానంలో ఎంచుకున్న బెన్ సిమన్స్ కూడ గాయపడి మొదటి సంవత్సరమంతా కూర్చున్నాడు. ప్రణాళిక వేసిన హింకీ 2016 ఏప్రిల్‌లో రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. బ్రౌన్ మాత్రం మిగిలాడు.

తుదకు 2017–18లో ఆ జట్టు 52 ఆటలు గెలిచింది. మరుసటి యేడు 51. ఆ సంవత్సరం టొరంటోతో జరిగిన ఏడవ ఆటలో, గడియారం ముగుస్తుండగా ప్రత్యర్థి కవై లెనర్డ్ వేసిన బంతి రింగుపై నాలుగుసార్లు ఎగిరిపడి లోపలికి జారింది. ఫిలడెల్ఫియా ఇంటిదారి పట్టింది. 2020లో మొదటి అంకంలోనే బోస్టన్ చేతిలో నాలుగుకు నాలుగు ఓడగానే బ్రౌన్‌ను తొలగించారు. ఏడేళ్ళలో ఆయన గెలిచినవి 221, ఓడినవి 344. ఆ అంకెలు మాత్రమే చూచినవాడు ఆయన ఏమి భరించాడో ఎన్నటికి తెలుసుకోలేడు.

ఆయన స్థానంలో వచ్చినదెవరో తెలుసా? 2013లో పునర్నిర్మాణం వద్దని బోస్టన్ విడిచివెళ్ళిన డాక్ రివర్స్! బ్రౌన్ కట్టిన ఇంటిలో తొలి సంవత్సరమే ఆ జట్టు తూర్పు విభాగంలో అగ్రస్థానంలో నిలిచింది. రివర్స్ సమర్థుడే. కాని చెట్టు నాటినవాడొకడు, నీడన కూర్చున్నవాడొకడు అన్న మాట ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు. పునర్నిర్మాణానికి వచ్చే ప్రతి అభ్యర్థి మనస్సులోను మెదిలే భయం ఇదే.

ధనం చాలునా?

జీతం ఎక్కువిస్తే ఎటువంటి శిక్షకుడైనా వస్తాడని, వచ్చి జట్టును నిలబెడతాడని కొందరి నమ్మకం. దీనికి డెట్రాయిట్ పిస్టన్స్ చరిత్ర సమాధానం చెబుతుంది. 2022–23లో ఆ జట్టు 17 గెలిచి 65 ఓడింది. అందరికంటె అడుగున ఉన్నా, లాటరీలో వారికి ఐదవ స్థానమే దక్కింది. ఆ వేసవిలోనే మాంటీ విలియమ్స్‌తో ఆరేళ్ళకు సుమారు 7 కోట్ల 85 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. శిక్షకులకిచ్చిన వేతనాలలో ఆనాటికి అదే అత్యధికమని పత్రికలు వ్రాశాయి.

విలియమ్స్ సామాన్యుడు కాడు. 19 గెలుపులతో కునారిల్లిన ఫీనిక్స్ జట్టును 2019లో చేపట్టి, రెండవ సంవత్సరానికే అంతిమపోటీకి చేర్చినవాడు. 2022లో ఉత్తమ శిక్షకుడుగా గౌరవం పొందినవాడు. అటువంటి వ్యక్తి డెట్రాయిట్‌లో తొలి సంవత్సరం 14 ఆటలే గెలిచాడు. వరుసగా 28 ఆటలు ఓడి, ఒకే సంవత్సరంలో అత్యధిక వరుస ఓటముల అపకీర్తిని ఆ జట్టు మూటగట్టుకున్నది. 2024 జూన్‌లో ఆయనను తొలగించారు. ఇంకా ఐదేళ్ళ ఒప్పందం మిగిలే ఉన్నది.

ఒక్కడే శిక్షకుడు ఒకచోట గెలిచి ఇంకొకచోట ఎందుకు ఓడాడు? ఫీనిక్స్‌లో డెవిన్ బుకర్ వంటి నిపుణుడు అప్పటికే ఉన్నాడు. 2020లో క్రిస్ పాల్ వంటి అనుభవశాలి వచ్చి చేరాడు. యువకులకు పెద్దన్న వంటివాడు దొరికాడు. డెట్రాయిట్‌లో కేడ్ కనింగ్‌హామ్ వంటి ప్రతిభావంతుడున్నా, చుట్టూ దూరం నుండి గురిచూచి వేయగలవారు కొరవడ్డారు. మరుసటి యేడు కొత్త నిర్వాహకుడు ట్రాజన్ లాంగ్డన్ కొందరు అనుభవజ్ఞులను చేర్చాడు. జె.బి. బికర్‌స్టాఫ్ శిక్షకుడుగా వచ్చాడు. అదే డెట్రాయిట్ 2024–25లో 44 ఆటలు గెలిచింది. గెలుపులో బికర్‌స్టాఫ్ పాలు తక్కువని నా భావం కాదు. ఇంటికి మేస్త్రి ఎంత అవసరమో, ఇటుకలూ అంతే అవసరమని మాత్రమే మనవి. ఒప్పందపత్రంపై ఉన్న ఆరేళ్ళు నిజంగా ఆరేళ్ళు కావని కూడ ఈ ఉదంతం చెబుతున్నది. వ్యవధి కాగితం మీద ఉంటే చాలదు, ఇచ్చినవారి మనస్సులో ఉండాలి.

ఓర్పు ఫలించిన చోటు

ఓక్లహామా సిటీ థండర్ జట్టు 2019లో పాల్ జార్జ్‌ను క్లిపర్స్‌కు ఇచ్చి, బదులుగా షై గిల్జస్-అలెగ్జాండర్ అనే యువకుణ్ణి, అనేక డ్రాఫ్ట్ హక్కులను పొందింది. ఐదేళ్ళు శిక్షకుడుగా ఉన్న బిల్లీ డోనవాన్ 2020లో పరస్పర అంగీకారంతో విడిపోయాడు. రాబోయే సంవత్సరాలలో జట్టు ఏ దిశగా పోతుందో ఆయనకు కావలసినంత స్పష్టత ఇవ్వలేకపోయామని నిర్వాహకుడు శామ్ ప్రెస్టి బహిరంగంగానే తెలిపాడు. ఇది మర్యాదగల వీడ్కోలు. అనుభవజ్ఞునికి నచ్చని పదవి అది.

ఆ పదవిని 35 ఏళ్ళ మార్క్ డేగ్నాల్ట్‌కు ఇచ్చారు. ఆయన బయటివాడు కాడు. అదే సంస్థకు చెందిన అనుబంధ జట్టుకు ఐదేళ్ళు శిక్షణ ఇచ్చినవాడు. సంస్థ ఆయనను ఎరుగును, ఆయన సంస్థను ఎరుగును. మొదటి యేడు 22 గెలుపులు, రెండవ యేడు 24. 2021 డిసెంబరు 2న మెంఫిస్‌లో ఆ జట్టు 152–79 తేడాతో, అనగా 73 పాయింట్లతో ఓడింది. ఎన్.బి.ఏ. చరిత్రలోనే అంత పెద్ద ఓటమి మరొకటి లేదు. అటువంటి రాత్రి తరువాత అనేక సంస్థలు శిక్షకుణ్ణి మార్చి ఉండేవి. ఓక్లహామా వారు మార్చలేదు. తరువాతి సంవత్సరాలలో గెలుపులు 40, 57, 68. డేగ్నాల్ట్ 2024లో ఉత్తమ శిక్షకుడయ్యాడు. 2025 జూన్ 22న ఇండియానాను ఏడవ ఆటలో ఓడించి ఆ జట్టు విజేత అయింది. 73 పాయింట్ల ఓటమికీ ఆ కిరీటానికీ మధ్య ఉన్న కాలం నాలుగేళ్ళకు లోపే.

సారాంశం

పై నిదర్శనాలను బట్టి ఒక విషయం తేటతెల్లమవుతున్నది. పునర్నిర్మాణదశలోని జట్టు ఆకర్షణ ప్రధానంగా దాని యాజమాన్యంలో ఉన్నది. యువకుల ప్రతిభ, డ్రాఫ్ట్ హక్కులు, జీతం అన్నీ అవసరమే. కాని అవి ఫిలడెల్ఫియాకూ ఉన్నాయి, డెట్రాయిట్‌కూ ఉన్నాయి. బోస్టన్, ఓక్లహామా సంస్థలు వీటికి తోడుగా ఇచ్చినది నిలకడ. స్టీవెన్స్‌ను తీసుకున్న డానీ ఎయింజ్, డేగ్నాల్ట్‌ను తీసుకున్న ప్రెస్టి, తాము ఎన్నుకున్న శిక్షకునితోపాటు తామూ సంవత్సరాల తరబడి నిలబడ్డారు. ఓటమి వచ్చినప్పుడు అది తమ నిర్ణయానికి ఫలితమని మరచిపోలేదు.

కావున తెలివైన అభ్యర్థి యాజమాన్యాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. ఎన్నేళ్ళు ఓడడానికి మీరు సిద్ధంగా ఉన్నారు? నన్ను ఎన్నుకున్నవారు అంతవరకు ఇక్కడ ఉంటారా? గెలుపు రానంతకాలం నా పనిని దేనితో కొలుస్తారు? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పగల జట్టు, ఎన్ని ఆటలు ఓడినా, మంచి శిక్షకుణ్ణి ఆకర్షించగలదు. చెప్పలేని జట్టు ధనం కుమ్మరించినా నిలుపుకోలేదు.

విద్యార్థులారా! ఒక్క సంగతి ఆలోచించండి. కళాశాల జట్టు ఎప్పుడూ పునర్నిర్మాణంలోనే ఉంటుంది. మొదటి సంవత్సరంలో బంతి పట్టడం నేర్చినవాడు, ఆట పట్టుబడేనాటికి డిగ్రీ పుచ్చుకొని వెళ్ళిపోతాడు. మన వ్యాయామోపాధ్యాయులు ప్రతి జూన్‌లోను మరల మొదటి ఇటుక పేర్చవలసిందే. వారిని “ఈ యేడు కప్పు తెచ్చారా?” అని మాత్రమే ప్రశ్నించడం న్యాయం కాదు. నిరుడు బంతి అందుకోలేని కుర్రవాడు ఈ యేడు అందుకుంటున్నాడా అని కూడ అడగాలి. కమిటీ పెద్దలకు నా సవినయమైన విన్నపం కూడ ఇదే.

మైదానం ప్రక్కన నన్ను ప్రశ్నించిన విద్యార్థికి నా జవాబు ఇది: ఓడే జట్టుకు మంచి శిక్షకుడు తప్పక వస్తాడు, ఓడిన రాత్రి తనతోపాటు మేలుకొని ఉండేవారు అక్కడ ఉన్నారని నమ్మకం కలిగితే.